ఇంటిగుట్టు, ‘ఉన్‌హైమ్‌లిశ్’: ఒక జర్మన్ విశేషణానికి తెలుగు విమర్శలో చోటు

సాహిత్య విమర్శలో పారిభాషిక పదాలుగా స్థిరపడిన జర్మన్ మాటలు మనకు చాలావరకు ఆంగ్లం ద్వారానే చేరాయి. ఆ ప్రయాణంలో ఎక్కువగా నష్టపోయిన వాటిలో ‘ఉన్‌హైమ్‌లిశ్’ అనే విశేషణం ఒకటి. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1919లో ‘ఇమాగో’ పత్రికలో ప్రకటించిన ‘దస్ ఉన్‌హైమ్‌లిశె’ అనే వ్యాసం వల్ల ఈ మాట విమర్శకుల నోట పడింది. ఆంగ్లంలో అది ‘అన్‌కానీ’ అయింది. ఆ అన్‌కానీని ఆధారం చేసుకొని మన తరగతి గదులలో ‘వింత’, ‘విచిత్రం’, ‘అలౌకికం’, ‘భీతావహం’ అంటున్నాము. ఈ నాలుగు పర్యాయాలలో దేనిలోనూ ఇల్లు లేదు. మూలపదం మాత్రం ఇంటి మీదనే నిలిచి ఉంది. ఆ ఇంటిని తిరిగి తెలుగులోకి తేవడానికి మన భాషలోనే ఒక దారి ఉన్నదని, ఆ దారిలో చూస్తే గచ్చిబౌలి, మాదాపూర్, రాయదుర్గం ప్రాంతాన్ని గూర్చిన సాహిత్యాన్ని మనం చదువుతున్న తీరు కొంత మారవలసి వస్తుందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లిప్యంతరీకరణ గూర్చి ఒక మాట. ఈ పదం చివరి ధ్వని తాలవ్యం. ‘లిఖ్’ అని రాయడం పొరపాటు. ‘లిష్’ అనడం కంటె మన తాలవ్య శకారంతో ‘లిశ్’ అనడం మూలానికి దగ్గర. ఆంగ్లలిపిలో లేని ఈ సౌకర్యం మనకు ఉన్నప్పుడు వదులుకోనక్కరలేదు.

హైదరాబాదు పశ్చిమభాగంలో ఈ విశేషణం రెండు వేరు వేరు బతుకులు బతుకుతున్నది. 1974లో ఏర్పడి గచ్చిబౌలిలో విస్తరించిన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అది మనోవిశ్లేషణ విమర్శకు చెందిన గంభీరమైన పరిభాష. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ చుట్టూ పెరిగిన హైటెక్ సిటీలో, జర్మనీలో ఉద్యోగానికో చదువుకో సిద్ధపడుతూ ఆ భాష నేర్చుకొనే యువతకు అదే మాట కేవలం ఒక అతిశయార్థకం. నేటి జర్మన్ వాడుకలో ‘ఉన్‌హైమ్‌లిశ్ గూట్’ అంటే ‘చాలా బాగుంది’ అని మాత్రమే అర్థం. ఇందులో భయం లేదు, దయ్యం లేదు, ఫ్రాయిడు అసలే లేడు. తెలుగులో ‘సినిమా భయంకరంగా నచ్చింది’, ‘దారుణంగా నవ్వించాడు’ అన్నప్పుడు భయమూ దారుణమూ ఎలా అరిగిపోయి పరిమాణవాచకాలుగా మిగులుతున్నాయో ఇదీ అంతే. కనుక జర్మన్ కథలో ఈ మాట కనబడిన ప్రతిచోటా అణచివేతకు గురైన జ్ఞాపకాన్ని వెదకే విమర్శకుడు, తెలుగు కథలో ‘భయంకరమైన ఆకలి’ అన్నచోట భయానక రసాన్ని వెదకేవానితో సమానం. ఈ జాగ్రత్త చెప్పిన తరువాత, అరగని అర్థం వద్దకు వెళ్ళవచ్చు.

పదం నిర్మాణం

‘హైమ్’ అంటే ఇల్లు, స్వస్థలం. ‘హైమ్‌లిశ్’ అంటే ఇంటికి చెందిన, పరిచితమైన, మచ్చికైన. ‘ఉన్’ అనేది మన ‘అ’, ‘నిర్’ వంటి నిషేధార్థకం. ఇంతవరకైతే ‘ఉన్‌హైమ్‌లిశ్’ అంటే అపరిచితమైనది అని చెప్పి ముగించవచ్చు. 1906లో ఎర్న్‌స్ట్ యెంచ్ అనే మనోవైద్యుడు దాదాపు ఆ మార్గంలోనే నడిచాడు. బొమ్మకు ప్రాణం ఉన్నదా లేదా అని తేల్చుకోలేని బుద్ధిసందేహమే ఈ భావానికి మూలమని ఆయన వాదన. ఫ్రాయిడ్ దీనితో తృప్తిపడలేదు. ఆయన నిఘంటువులు తెరిచాడు. డానియెల్ జాండర్స్ 1860లో వెలువరించిన జర్మన్ నిఘంటువులో ‘హైమ్‌లిశ్’కు రెండు అర్థాలు కనిపించాయి. మొదటిది ఇంటికి చెందినది, ఆత్మీయమైనది. రెండవది దాచిపెట్టినది, ఇతరుల కంటపడకుండా ఉంచినది. ఇంటిలోపల ఉన్నది కనుక మనకు పరిచితం, ఇంటిలోపలే ఉన్నది కనుక బయటివారికి రహస్యం. రెండవ అర్థంలో హైమ్‌లిశ్ మెల్లగా జరిగి జరిగి తన వ్యతిరేకపదంతో కలిసిపోతుంది. ఒక మాట తన విరుద్ధార్థంలోకి దారితీయడం ఫ్రాయిడ్ వాదానికి ఇరుసు.

జాండర్స్ ఆరోపంలో షెలింగ్ అనే తత్త్వవేత్త నిర్వచనం ఒకటి ఉంది. దాని సారాంశం ఇది: మరుగున ఉండవలసినది, ఉండక వెలికి వచ్చినదే ఉన్‌హైమ్‌లిశ్. తరువాతి విమర్శ అంతా దీనినే పట్టుకొన్నది. అదే ఆరోపంలో నవలాకారుడు కార్ల్ గుట్స్‌కో నుంచి తీసుకొన్న ప్రయోగాన్ని మాత్రం అంతగా పట్టించుకోలేదు. ఒక కుటుంబాన్ని గూర్చిన సంభాషణ అది. వారు పూడ్చివేసిన బావి వంటివారు, ఎండిపోయిన చెరువు వంటివారు అని ఒకరంటారు. దాని మీదుగా నడిచేవారికి ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ నీరు ఊరుతుందేమోనన్న శంక వదలదట. దీనినే ఒకరు హైమ్‌లిశ్ అంటే మరొకరు ఉన్‌హైమ్‌లిశ్ అంటారు. ఫ్రాయిడ్ ఈ ప్రయోగాన్ని తన వ్యాసంలో ఎత్తి రాసుకొన్నాడు. చెరువుల నగరంలో ఉండి దీనిని చదివే పాఠకుడు ఇక్కడ కొంచెం ఆగకపోతే ఆశ్చర్యం.

ఆంగ్ల ‘అన్‌కానీ’లోని ‘కానీ’ స్కాట్లాండ్ వాడుక నుంచి వచ్చింది. దాని మూలం ‘తెలియడం’ అనే క్రియ. కనుక అన్‌కానీ అంటే తెలివికి అందనిది. తెలియడం, తెలియకపోవడం అనే ఇరుసు మీద తిరిగే ఈ మాట యెంచ్ సిద్ధాంతానికి సరిపోయినంతగా ఫ్రాయిడ్ సిద్ధాంతానికి సరిపోదు. యంత్రమానవుల రూపం మనిషికి మరీ దగ్గరైనప్పుడు కలిగే జుగుప్సను 1970లో జపాన్ పరిశోధకుడు మసహిరో మోరి వర్ణించాడు. అది ఆంగ్లంలో ‘అన్‌కానీ వ్యాలీ’గా స్థిరపడి, యానిమేషన్‌లోనూ కృత్రిమ మేధ చర్చలోనూ నిత్యవ్యవహారమైంది. అందులో ఉన్నది కూడా యెంచ్ చెప్పిన సందేహమే. దానిని ఫ్రాయిడ్ భావనతో కలిపి ఒకే తెలుగు మాటతో అనువదించడం వల్ల రెండూ పాడవుతాయి.

తన వ్యాసంలో ఫ్రాయిడ్ లాటిన్, గ్రీకు, ఆంగ్లం, ఫ్రెంచి, స్పానిష్ భాషలలో సమానపదాల కోసం వెదికాడు. అరబ్బీలోనూ హీబ్రూలోనూ అది పైశాచికమనే అర్థంలో కలిసిపోతుందని రాశాడు. భారతీయ భాషల ఊసు లేదు. ఆ లోటును పూరించవలసిన పని మనది.

గుట్టు

తెలుగులో ఇల్లు, రహస్యం అనే రెండు భావాలను ఒక్కచోట కట్టి ఉంచిన మాట ‘గుట్టు’. ‘గుట్టుగా సంసారం చేసుకొంటున్నారు’ అన్నప్పుడు అది గౌరవవాచకం. ఆ ఇంటిలో ఏమున్నదో ఏమి లేదో నలుగురికీ తెలియదు. తెలియకపోవడమే ఆ ఇంటి మర్యాద. ‘గుట్టుచప్పుడు కాకుండా’ అన్నప్పుడు మర్యాద పలచబడి చాటుమాటు వ్యవహారం తోస్తుంది. దినపత్రికలో ‘దొంగనోట్ల ముఠా గుట్టు రట్టు’ అనే శీర్షిక చూసేసరికి గుట్టు పూర్తిగా నేరం పక్షాన చేరిపోయింది. సంసారపక్షమైన ఒకానొక గుణం నుంచి దొంగల డేరా దాకా ఒకే మాట జారిన ఈ క్రమం, జాండర్స్ నిఘంటువులో హైమ్‌లిశ్ జారిన క్రమానికి అచ్చంగా సమాంతరం. రెండు భాషలకూ ఇక్కడ జన్యసంబంధం ఏమీ లేదు. ఉన్నది ఇంటిని గూర్చిన ఒకే రకమైన అనుభవం.

ఇంటిగుట్టు లంకకు చేటు అనే సామెతలో ఈ అనుభవం మరింత గట్టిగా పలికింది. లంకను చెరిచినది సముద్రం దాటి వచ్చిన సైన్యం మాత్రమే కాదు, లోపలివాడైన విభీషణునికి తెలిసిన సంగతి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెతది కూడా ఇదే దృష్టి. ప్రమాదం పరాయివానిలో లేదు, మనవానిలో ఉంది. సంస్కృతంలో ‘గృహ్య’, ‘గుహ్య’ శబ్దాలు వినడానికి ఎంత దగ్గరగా ఉన్నా వాటి ధాతువులు వేరు. ఆ ధ్వనిసామ్యం మీద వాదం కట్టడం వ్యుత్పత్తి చమత్కారం అవుతుందే కాని శాస్త్రం కాదు. గుట్టు విషయంలో మనకు అటువంటి చమత్కారం అవసరమే లేదు. వాడుకే సాక్ష్యం.

షెలింగ్ నిర్వచనానికి ‘గుట్టు రట్టు కావడం’ అనే పలుకుబడి ఎంత దగ్గరగా వస్తుందో చెప్పనక్కరలేదు. అయితే ఇక్కడే ఒక తేడాను గుర్తించాలి. రట్టు కావడానికి చూసేవారు కావాలి. రచ్చబండ లేనిదే రట్టు లేదు. ఫ్రాయిడ్ చెప్పిన అనుభవానికి ప్రేక్షకులు అక్కరలేదు. మనిషి ఒంటరిగా, తన గదిలో, తాను దాచుకొని మరచిపోయిన దానికే ఎదురుపడతాడు. జర్మన్ ఇంటిలోపల ఉన్నది వెచ్చదనం, తెలుగు గుట్టులో ఉన్నది పరువు. అందుచేత ఒకటి భగ్నమైనప్పుడు భయం, మరొకటి భగ్నమైనప్పుడు సిగ్గు ముందుకు వస్తాయి. ఈ కారణంగా ‘గుట్టురట్టు’ను పారిభాషిక పర్యాయంగా స్వీకరించలేము. భావాన్ని వివరించడానికి దానికి మించిన మాట లేదు.

మరి భయానకం? భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భయానక విభావాలు చెబుతూ అరణ్యంతో పాటు శూన్యగృహాన్ని కూడా పేర్కొన్నాడు. పాడుబడిన ఇంటిలోకి పోవడం భయహేతువు. కాని అది ఎవరో విడిచిన ఇల్లు. మనం కాపురం ఉంటున్న ఇల్లే, దీపం వెలుగుతుండగానే, ఒక్క క్షణం మనది కాకుండా పోవడం భరతుని జాబితాలో లేదు. గురజాడ కథలో ఉంది.

1910లో ‘ఆంధ్రభారతి’లో వెలువడిన ‘దిద్దుబాటు’ను మనం సంస్కరణ కథగా, హాస్యకథగా బోధిస్తూ వస్తున్నాము. అది సరియైనదే. అయితే కథ మొదటి భాగంలో గురజాడ చేసిన పని వేరు. అర్ధరాత్రి దాటి ఇంటికి వచ్చిన గోపాలరావుకు తన తలుపు, తన గది, తన మంచం ఎదురవుతాయి. వాటిలో కొత్తది ఒక్కటి కూడా లేదు. పిలిస్తే పలుకు లేదు, గదిలో వెలుగు లేదు. చీకటిలో తడుముకొని అగ్గిపుల్ల గీస్తే మంచం మీద భార్య లేదు. ప్రతి వస్తువూ ఉన్నచోటనే ఉండి ఇల్లు మాత్రం ఇల్లు కాకుండా పోయింది. దీనిని ‘వింత’ అంటే చాలదు. గోపాలరావు గుట్టుగా నడిపిన రాత్రి షికార్లు ఆ ఖాళీ మంచం రూపంలో అతని ముందు నిలిచాయి. ఉత్తరం దానికి అక్షరరూపం మాత్రమే. తుదకు వెల్లడైనది ఏమిటంటే, కమలిని ఇల్లు దాటి వెళ్ళనే లేదు, మంచం కిందనే ఉంది. దాగినది వెలికి వచ్చింది, అదీ ఇంటిలోపలి నుంచే వచ్చింది. గురజాడ ఆ రాకను నవ్వుతోనూ గాజుల చప్పుడుతోనూ నింపాడు కనుక ఉన్‌హైమ్‌లిశ్ హాస్యంగా పరిణమించింది. ఇతివృత్తం ఒక్కటే అయినా చెప్పే తీరును బట్టి ఈ భావం నిలవడమో చెదరడమో జరుగుతుందని ఫ్రాయిడ్ అంగీకరించాడు. హాస్యకథలలో దయ్యం సైతం భయపెట్టదు. ‘దిద్దుబాటు’ నవ్వుతో ముగిసినంత మాత్రాన మొదటి రెండు పుటల చీకటి తక్కువది కాదు. ఆ చీకటి లేకపోతే నవ్వుకు అంత బలం ఉండేది కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

పరాయీకరణతో పొరపాటు

ఇప్పుడు అసలు చిక్కు వద్దకు వద్దాం. 1990ల తరువాతి తెలుగు సాహిత్యంలో ఊరు మారిపోవడాన్ని, భూములు చేతులు మారడాన్ని చర్చించేటప్పుడు విమర్శకులు ‘పరాయీకరణ’ అనే మాటను విస్తృతంగా వాడారు. ఇది మార్క్స్ వాడిన మరొక జర్మన్ పదానికి, ‘ఎంట్‌ఫ్రెమ్‌డుంగ్’కు, మనం చేసుకొన్న చక్కని అనువాదం. ‘ఫ్రెమ్‌డ్’ అంటే పరాయి. తనది తనకు పరాయిది కావడం దాని అర్థం. గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు’ పాట ఈ భావానికి జనశ్రుతి పొందిన రూపం. పల్లెను చెరిచే శక్తి కంటికి కనబడకుండా బయటి నుంచి వస్తుంది, లోపలివారు కోల్పోతారు. ఆ పాట దృష్టి స్పష్టం. దాని బలం కూడా ఆ స్పష్టతలోనే ఉంది.

ఉన్‌హైమ్‌లిశ్ దిశ ఇందుకు విరుద్ధం. అక్కడ బయటి నుంచి వచ్చినది ఏమీ లేదు. లోపల ఉన్నదే తిరిగి వచ్చింది. ఈ రెండింటినీ ‘పరాయితనం’ అన్న ఒకే మాట కింద చేర్చినందువల్ల సైబరాబాదును గూర్చిన రచనలన్నీ మనకు నష్టగాథలుగానే కనబడుతున్నాయి. కొన్ని నిజంగానే నష్టగాథలు. కొన్ని కావు.

ఈ ప్రాంతపు పేర్లనే చూడండి. గచ్చిబౌలిలో బౌలి ఉంది, అంటే దిగుడుబావి. కొండాపూర్‌లో కొండ ఉంది. రాయదుర్గంలో దుర్గం ఉంది. కార్యాలయాల చిరునామాలలో ప్రతిరోజూ వందలసార్లు రాస్తున్నా ఈ పేర్లలో దాగిన నేలను ఎవరూ చదవరు. గుట్టల నడుమ బయటికి కనబడకుండా ఉన్నందుకు దుర్గం చెరువును ఆంగ్లంలో ‘సీక్రెట్ లేక్’ అన్నారు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు ఇచ్చిన చెరువు అది. కోటవారికి ఇంటినీరు, ఇతరులకు గుట్టు. హైమ్‌లిశ్ రెండు అర్థాలూ ఒకే జలాశయంలో ఇమిడిన ఇటువంటి ఉదాహరణ జాండర్స్‌కు దొరికి ఉంటే వదిలేవాడు కాడు. 2020 సెప్టెంబరు 25న దాని మీద తీగల వంతెన ప్రారంభమై, రాత్రివేళ రంగుదీపాలతో ఆ గుట్టు నగరమంతటికీ వేడుకైంది. ఇది వెలికి రావడమే కాని ఉన్‌హైమ్‌లిశ్ కాదు. ఎవరూ దాచి మరచినది ఇక్కడ లేదు. పాత చెరువు, కొత్త వంతెన అని రెండింటినీ పక్కపక్కన పెట్టి నిట్టూర్చే కవితలు స్మృతికవితలు. వాటికి ఫ్రాయిడ్‌ను తోడు తెచ్చుకోనక్కరలేదు.

వంతెన తెరిచిన మూడు వారాలలోపే, అక్టోబరు 13, 14 తేదీలలో, నగరంలో కుండపోత కురిసింది. చెరువుల కింద, చెరువుల లోపల వెలసిన అనేక కాలనీలు మునిగాయి. 2024 జూలైలో ప్రభుత్వం ‘హైడ్రా’ను ఏర్పాటు చేశాక పూర్తి నీటిమట్టం, బఫర్ జోన్ అనే మాటలు ఇంటింటి మాటలయ్యాయి. వీటికి ముందే తెలంగాణ రైతుకు తెలిసిన మాట ఒకటి ఉంది, శిఖం. చెరువు నిండితే మునిగి, తగ్గితే తేలే భూమి అది. అందులో వేసవిలో పంట వేసుకోవచ్చు కాని ఇల్లు కట్టరాదని ఊరంతటికీ తెలుసు. అలుగు ఎటు దూకుతుందో, తూము ఎక్కడ ఉన్నదో తెలిసినట్లే ఇదీ తెలుసు. ఆ తెలివిడి చదరపు గజాల లెక్కలోకి మారేటప్పుడు ఎక్కడో మరుగున పడింది. అమ్మినవాడు చెప్పలేదు, కొన్నవాడు అడగలేదు, కాగితం ఊరుకొంది. ఇది ఒకరు మరొకరికి చేసిన మోసం మాత్రమే కాదు, అందరూ కలిసి కాపాడిన గుట్టు.

వానాకాలపు రాత్రి సెల్లార్‌లోకి, తరువాత ముందుగదిలోకి నీరు వచ్చే సన్నివేశాన్ని కథలో ఎలా చదవాలి? పరాయీకరణ దృష్టితో చదివితే ఆ ఇంటివారు బాధితులు, నీరు విపత్తు, దోషి బయటనే ఉన్నాడు. ఉన్‌హైమ్‌లిశ్ దృష్టిలో నీరు పరాయిది కాదు. ఆ స్థలంలో ఆ కుటుంబం కంటె ముందు కాపురం ఉన్నది అదే. అది తన చోటికి తిరిగి వచ్చింది. గృహప్రవేశం చేసి పాలు పొంగించిన ఇంటిలో తామే తర్వాత వచ్చినవారమని అప్పుడు తెలుస్తుంది. దానితోపాటు ఇది తమకు ముందే తెలుసునన్న ఎరుక కూడా వస్తుంది. ఆ ఎరుకే ఈ భావానికి ప్రాణం. మొదటి పఠనం జాలి పుట్టిస్తుంది, రెండవది జాలికి అడ్డు వస్తుంది. ఏ కథ ఏ పఠనాన్ని కోరుతున్నదో తేల్చడం విమర్శకుని పని. ఆ పని చేయడానికి ముందు చేతిలో రెండు మాటలు ఉండాలి.

ఆ రెండవ మాటకు ఒక ప్రతిపాదన. తెలుగులో ‘ఊరుగాని ఊరు’, ‘దేశంగాని దేశం’ అనే నుడికారాలు ఉన్నాయి. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాదు నుంచో వచ్చి కొండాపూర్ హాస్టలులో ఉండే ఉద్యోగి తన స్థితిని ఇలాగే చెప్పుకొంటాడు. అక్కడ అర్థం కేవలం పరాయిచోటు. కాని నిర్మాణాన్ని గమనించండి. నిషేధం మాటను తొలగించదు, మాటను రెండుసార్లు పలికిస్తుంది. ఊరు కాదంటూనే ఊరంటుంది. ‘ఉన్’ అనే ఉపసర్గ అణచివేత మీద పడిన ముద్ర వంటిదని, దాని కింద హైమ్‌లిశ్ చెక్కుచెదరక ఉంటుందని ఫ్రాయిడ్ వ్యాఖ్యానించిన తీరుకు ఈ నుడికారం సరిగ్గా తగుతుంది. దానిని సొంత ఇంటికి అన్వయించి ‘ఇల్లుగాని ఇల్లు’ అంటే గోపాలరావు గదికీ, శిఖంలోని ముందుగదికీ సరిపోతుంది. విశేషణంగా ‘ఇల్లుగాని’ అన్న రూపాన్ని వాడవచ్చు. భావవాచకంగా ‘ఇల్లుగానితనం’ కొంత కృతకంగా వినిపిస్తుంది. దానికి బదులు జర్మన్ రూపాన్నే తెలుగు లిపిలో ఉంచి, తొలి ప్రస్తావనలో గుట్టుతో వివరించడం మేలు.

అభ్యంతరం ఒకటి రావచ్చు. ఊరుగాని ఊరు అనగానే శ్రోతకు వలసే స్ఫురిస్తుంది, తిరిగి రావడం స్ఫురించదు. నిజమే. కాని మాదాపూర్ పాత కాపు తన ఊరి నడిబొడ్డున నిలబడి, దారి అడగవలసి వచ్చినప్పుడు, ‘మా ఊరే ఊరుగాని ఊరైంది’ అంటే తెలుగు విన్నవారెవరికీ వివరణ అవసరం కాదు. వాడుకలో ఆ విస్తరణకు చోటు ఉంది. అనువాదకులకు కూడా ఇందులో ఒక ఉపయోగం కనబడుతుంది. కాఫ్కా 1915 నాటి ‘రూపపరిణామం’ కథ తొలివాక్యంలో పురుగుకు వాడిన ‘ఉంగెహోయెర్’ అనే విశేషణాన్ని జర్మన్ నిరుక్తకారులు ఇంటిపరివారాన్ని సూచించే ప్రాచీన ధాతువుతో ముడిపెడతారు. ఆంగ్లానువాదాలలో అది పరిమాణంగానో వికృతిగానో మారింది. ఆంగ్లం నుంచి తెలుగు చేసినప్పుడు మనకు పెద్ద పురుగే మిగులుతుంది. తన మంచం మీద, తన వాళ్ళ మధ్య మేల్కొన్న ఆ పురుగు ఆ ఇంటికి చెందనిదై ఉండి ఆ ఇంటి కొడుకే అయి ఉండడం మూలంలోని విశేషణం లోపలే ఉంది. దానిని ‘ఇల్లుగాని పురుగు’ అని ఎవరూ అనువదించరు, అనువదించకూడదు కూడా. అయితే ‘పెద్ద’ అని రాసే ముందు అనువాదకుడు ఆ ఇంటి వంక ఒకసారి చూడవలసి ఉంటుంది.